ఎత్తులో కారు వెనక్కి జారింది, ఇక స్టీరింగ్ పట్టుకోవాలంటే భయం

విశాఖపట్నం మధురవాడ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు బయటపెట్టవద్దన్నారు. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 42 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త మర్చంట్ నేవీలో పనిచేస్తారు. ఓడెక్కితే మళ్లీ ఇంటికి రావడానికి ఆరేడు నెలలు పడుతుంది. ఇంట్లో ఆమె, అత్తగారు, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కొడుకు ఉంటారు. విజయనగరంలో ఒక్కరే ఉంటున్న తల్లికి కంట్లో ఇంజెక్షన్లు చేయించాలి. నెలకోసారి విశాఖ తీసుకొచ్చి, చూపు మసకగా ఉండగానే బస్సు ఎక్కించి, దించి, ఆటో మాట్లాడుకుని వెళ్లాలి. ఆ అవస్థ చూడలేకే భర్త సెలవులో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. ఆమె డ్రైవింగ్ స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకున్నారు.

"స్కూల్ కారులో ఒక్కసారి కూడా ఇంజిన్ ఆగిపోలేదండీ. టెస్టు కూడా మొదటిసారే పాసయ్యాను. తీరా మా కారు ఎక్కేసరికి ఏమీ రానిదాన్ని అయిపోయాను" అని రాశారు. భర్త పక్కన కూర్చుంటే "బ్రేక్, బ్రేక్! కళ్లు కనపడట్లేదా?" అని అరుపులు. ఆమె పొట్టిగా ఉంటారు. సీటు ముందుకు జరుపుకుంటే స్టీరింగ్‌కి అతుక్కుపోయిందని ఇంట్లో నవ్వుతారట. అందుకని భర్త పెట్టుకున్న సీటు అలాగే ఉంచి నడిపేవారు.

భర్త ఓడెక్కాక ఒక ఆదివారం కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరారు. కాలనీ నుంచి హైవే మీదికి వెళ్లే ఎత్తు రోడ్డులో ముందు బస్సు ఆగింది. ఈమె కూడా ఆగారు. బస్సు కదిలాక క్లచ్ వదలబోతే ఇంజిన్ ఆగిపోయింది. వెనక హారన్లు. గాభరాలో తాళం తిప్పుతుంటే బ్రేకు మీది కాలు తేలిపోయి, కారు వెనక్కి జారి ఆటోకి తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆటో అతనికి అక్కడికక్కడే డబ్బులిచ్చి సర్దిచెప్పారు. జనం మూగి తలో మాటా అన్నారు. అప్పుడు కొడుకు దిగివచ్చి, "నువ్వు ఇటు కూర్చో అమ్మా" అని తనే నడుపుకుంటూ ఇంటికి తీసుకొచ్చాడు. స్నేహితుడి కారు మీద ఎప్పుడో నేర్చుకున్నాడని అప్పుడే తెలిసింది.

ఆ రోజు నుంచి కారు కవరు కప్పుకుని సెల్లార్‌లో ఉంది. "బాబు చక్కగా నడుపుతున్నాడుగా, మీ అమ్మని వాడే తీసుకొస్తాడు" అంటారు అత్తగారు. భర్త వీడియో కాల్‌లో, "వాడికి ఇంకో ఎనిమిది నెలల్లో 18 వస్తాయి. అంతవరకు జాగ్రత్తగా నడుపుతాడులే. లేదంటే అమ్మేద్దాం" అంటున్నారు. మరిది ఆటోమేటిక్ కొనమంటున్నాడు. "ఈ వయసులో నాకిక రాదని ఒప్పుకోవాలా? బాబుతో నడిపించుకుంటే నిజంగా అంత తప్పా? అమ్మ కోసం మొదలుపెట్టిన పని అమ్మకే పనికిరాకుండా పోయింది" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది, స్కూల్ కారులో ఒక్కసారి కూడా ఇంజిన్ ఆగిపోలేదన్న మాట. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో బండి ఆగిపోకుండా ఉండదు. ఆగి, మళ్లీ స్టార్ట్ చేసి, మళ్లీ ఆగి, అలాగే పాదానికి క్లచ్ అలవాటవుతుంది. డ్రైవింగ్ స్కూల్ కారులో నేర్పే అతని కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. అవి ఉండాలి కూడా, ప్రమాదం తప్పించడానికి. కానీ చాలామంది నేర్పేవాళ్లు వాటిని ప్రమాదం కోసం దాచిపెట్టుకోరు. పాఠం పొడవునా వాడేస్తారు. మీరు స్టీరింగ్ తిప్పుతూ, యాక్సిలరేటర్ తొక్కుతూ ఉంటే, క్లచ్ పని సగానికి పైగా ఆయన పాదమే చేసి ఉంటుంది. బండి ఆగిపోతే ట్రాఫిక్‌లో ఆయనకూ ఇబ్బందే మరి. మోటారు వాహనాల నిబంధనల్లో కారు శిక్షణకు కనీసం 21 రోజులు, 10 గంటల డ్రైవింగ్ అని ఉంది. ఆ గంటల్లో మీ పాదం ఎంతసేపు పనిచేసింది, ఆయన పాదం ఎంతసేపు పనిచేసింది అన్న లెక్క ఎవరూ రాయరు.

అందుకని మీరు మరిచిపోయిందీ లేదు, వయసు అడ్డుపడిందీ లేదు. స్టీరింగ్, ఇండికేటర్, రోడ్డు చూసుకోవడం వచ్చాయి కాబట్టే టెస్టు పాసయ్యారు. క్లచ్ మాత్రం మీకు ఇంకా ఎవరూ నేర్పలేదు. దానికి తోడు, పొడుగాటి మనిషి కోసం వెనక్కి జరిపిన సీటులో కూర్చుని, క్లచ్ చివరిదాకా తొక్కాలంటే మీరు నడుము కిందికి జారి, కాలి వేళ్ల కొసలతో అందుకుని ఉంటారు. అలా తొక్కిన క్లచ్‌ను మెల్లగా వదలడం ఇరవై ఏళ్లుగా నడిపేవాళ్లకైనా సాధ్యం కాదు. ఆ ఎత్తులో ఇంజిన్ ఆగిపోవడానికి నాకు కనిపిస్తున్న కారణాలు ఈ రెండూ. రెండూ సరిచేసుకోగలిగినవే.

ఇక బాబు సంగతి. దీని మీదే ముందు ఒక నిర్ణయానికి రావాలి. ఎందుకంటే మిగతావన్నీ ఆగొచ్చు, ఇది ఆగదు. ఆ రోజు వాడు మిమ్మల్ని ఆ జనం మధ్య నుంచి బయటపడేయాలనుకున్నాడు. ఆ ప్రేమను తప్పుపట్టక్కర్లేదు. కానీ చట్టం ఏం చెబుతోందో మీరు, మీవారు, అత్తగారు ముగ్గురూ తెలుసుకోవాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే, దానికి తల్లిదండ్రులను లేదా బండి యజమానిని బాధ్యులుగా చూస్తారు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. నడిపిన పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. నాకు తెలియకుండా జరిగింది అని తల్లిదండ్రులు నిరూపించుకునే అవకాశం ఆ సెక్షన్‌లోనే ఉంది. అయితే ఇప్పుడు మీకు తెలుసు. మీవారికీ తెలుసు. పైగా నడపమంటున్నారు. ఆ మాట చెప్పుకునే దారి మీకు ఇక లేదు.

పోలీసులు ఆపకపోవచ్చు, మన ఊళ్లలో ఎంతమంది పిల్లలు నడపట్లేదు అని ఎవరైనా అంటారు. పోలీసుల కన్నా నన్ను భయపెట్టేది ఇంకోటి ఉంది. మీ అబ్బాయి నడుపుతుండగా రోడ్డు దాటే మనిషికి తగిలిందనుకోండి. లైసెన్సు లేనివాళ్లు నడిపితే బీమా కంపెనీ బాధితులకు పరిహారం చెల్లించినా, ఆ సొమ్ము తిరిగి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. మీ కారుకు జరిగిన నష్టానికైతే క్లెయిమ్ ఇవ్వరు. బాధితులకు ఇచ్చే ఆ పరిహారం లక్షల్లో ఉంటుంది. కారు మీవారి పేరున ఉందని రాశారు. ఓడల మీద దేశాలు తిరిగే ఉద్యోగం ఆయనది. పేరు మీద క్రిమినల్ కేసు ఉంటే పాస్‌పోర్టు దగ్గర ఎన్ని చిక్కులో ఆయనకు మీకన్నా బాగా తెలుసు. వీడియో కాల్‌లో ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు. ఇవన్నీ పక్కనపెట్టినా, ఆ మనిషికి జరిగింది జన్మంతా మోసేది పదిహేడేళ్ల పిల్లవాడు. వాడి చేత ఆ పని చేయించకండి.

వాడికి మాత్రం తప్పు చేసినవాడితో మాట్లాడినట్టు చెప్పకండి. 18 నిండిన రోజే ఎల్‌ఎల్‌ఆర్‌కి, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సుకి, అప్లై చేయిద్దాం అని మాటివ్వండి. అది వచ్చాక 30 రోజులకు టెస్టుకు వెళ్లొచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ఆ రోజుల్లో కారుకు ముందూ వెనకా ఎల్ బోర్డు పెట్టుకుని, లైసెన్సు ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నడపాలి. మీ ఇంట్లో ఏడాదిలో ఎక్కువ రోజులు లైసెన్సు ఉండి అందుబాటులో ఉండే మనిషి మీరే. అంటే వాడి పక్కన కూర్చోవాల్సింది మీరు. మీరు నేర్చుకోవడం మానేస్తే వాడికి నేర్పే మనిషి కూడా ఉండదు. అత్తగారికి ఈ మాట చెప్తే ఆవిడకీ అర్థమవుతుంది.

మీ అమ్మగారి హాస్పిటల్ పని, మీ డ్రైవింగ్ నేర్చుకోవడం, ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడిపోయాయి. వాటిని విడదీయండి. నెలాఖరులోగా నేను హైవే మీద అమ్మని తీసుకురావాలి అని గడువు పెట్టుకుని నేర్చుకుంటే ప్రతి తప్పూ కొండంత కనిపిస్తుంది. కొన్ని నెలలు హాస్పిటల్ రోజున యాక్టింగ్ డ్రైవర్‌ని, అంటే మన కారు నడపడానికి ఆ రోజుకు వచ్చే మనిషిని, పెట్టుకోండి. రోజు కూలీ, భోజనం, పెట్రోలు కలిపి ఖర్చవుతుంది, కాదనను. కానీ మీ కారే, మీ అమ్మగారు వెనక సీట్లో కాళ్లు చాపుకుని వస్తారు, మీరు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోవచ్చు. డ్రైవర్ లైసెన్సు అడిగి చూడండి, దాని ఫొటో తీసుకోండి, మొహమాటపడకండి. వెనక కూర్చున్నా మీరిద్దరూ బెల్టు పెట్టుకోవాలి. వెనక సీటు వాళ్లకూ బెల్టు తప్పనిసరి, పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి. గట్టిగా బ్రేకు పడితే బెల్టు లేని పెద్దావిడ ముందు సీటుకు వెళ్లి కొట్టుకుంటుంది. అమ్మగారిని తీసుకురావడానికి మీరు వెళ్లే దారిలో డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని అతను ఎక్కడ వేగం తగ్గిస్తున్నాడో, ఎక్కడ అద్దం చూస్తున్నాడో గమనిస్తే అదీ ఒక పాఠమే.

ఆటోమేటిక్ గురించి మీ మరిది చెప్పినదాంట్లో న్యాయం ఉంది. క్లచ్ ఉండదు, మీ బాధలో పెద్ద ముక్క పోతుంది. విశాఖ ఎత్తుపల్లాల్లో సుఖంగా ఉంటుంది. మీకు డబ్బుకు ఇబ్బంది లేకపోతే అది ఓడిపోయినట్టేమీ కాదు. అయితే రెండు విషయాలు తెలుసుకుని కొనండి. తక్కువ ధరలో దొరికే ఏఎంటీ కార్లు (మామూలు గేర్‌బాక్సుకే గేర్లు మార్చే యంత్రం తగిలించినవి) కొన్ని ఎత్తులో బ్రేకు వదిలితే వెనక్కి జారతాయి. ఎత్తులో బ్రేకు వదిలాక కొద్ది క్షణాలు కారును జారకుండా పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉందా అని అడిగి, టెస్ట్ డ్రైవ్ ఎత్తు రోడ్డు మీదే చేయండి. రెండోది, ఆటోమేటిక్‌లో గాభరా పడ్డప్పుడు బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కితే బండి ఆగిపోదు, ముందుకు దూకుతుంది. అందుకే ఎడమ కాలిని పూర్తిగా పక్కన పెట్టి, బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ కుడి కాలితోనే తొక్కడం గట్టిగా అలవాటు చేసుకోవాలి. పైగా ఇప్పుడున్న కారు అమ్మితే సెకండ్ హ్యాండ్‌కి మళ్లీ సెకండ్ హ్యాండ్ ధరే వస్తుంది. నా మటుకు నేను ముందు ఉన్న కారు మీద క్లచ్ నేర్చుకోమంటాను. వచ్చాక కూడా ఆటోమేటిక్ కావాలనిపిస్తే అప్పుడు కొనండి. అప్పటి నిర్ణయం భయంతో తీసుకున్నది కాదు.

నేర్చుకోవడం ఎలాగంటారా? స్కూల్ కారు వద్దు. మీ కారు మీదే, మీ ఇంటికి వచ్చి నేర్పేవాళ్లు దొరుకుతారు. ఆడవాళ్లకు ఆడవాళ్లే నేర్పేచోట్లు కూడా ఉన్నాయి, విచారించండి. మాట్లాడుకునేటప్పుడే చెప్పండి, "నాకు రోడ్డు వద్దు, క్లచ్, ఎత్తు మీద బండి ఆపి కదపడం, ఈ రెండే కావాలి" అని.

కారు ఎక్కగానే సీటు. నవ్వేవాళ్లను నవ్వనీండి. ఎడమ పాదంతో క్లచ్ నేలకి ఆనేదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి, నడుము సీటుకు ఆని ఉండాలి. సీటు అంతదాకా ముందుకు జరపండి. తర్వాత వీపు సీటు నిటారుగా చేసి చేతులు చాపితే మణికట్లు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. ఛాతీకి స్టీరింగ్‌కి మధ్య జానెడు కన్నా ఎక్కువ, ఓ 25 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి ఆ చోటు కావాలి. ఎత్తు చాలక బానెట్ కనపడకపోతే, సీటు పైకి లేపే లీవరు ఉందేమో చూడండి. లేకపోతే గట్టి కుషన్, జారనిది, వేసుకోండి. మెత్తటి దిండు వద్దు, బ్రేకు వేసినప్పుడు మనిషితో పాటు జారుతుంది. సీటు అయ్యాకే అద్దాలు సర్దుకోవాలి. మీవారు సర్దుకున్న అద్దాల్లో మీకు రోడ్డు బదులు వెనక సీటు కనిపిస్తుంది. కాళ్లకు వెనక పట్టీ ఉన్న చెప్పులు గాని బూట్లు గాని వేసుకోండి. చీర కుచ్చిళ్లు, చున్నీ పెడల్ కిందికి పోకుండా చూసుకోండి. కాళ్ల దగ్గర నీళ్ల బాటిల్ అస్సలు పెట్టకండి. అది దొర్లి బ్రేకు పెడల్ కిందికి వెళ్తే బ్రేకు పడదు.

ఇప్పుడు క్లచ్. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే స్కూలు గ్రౌండో, కాలనీ చివర చదును రోడ్డో చూసుకోండి. ఫస్ట్ గేర్ వేసి, కుడి పాదం యాక్సిలరేటర్ జోలికి పోకుండా బ్రేకు పక్కనే సిద్ధంగా పెట్టి, ఎడమ మడమ నేలకి ఆనించి క్లచ్‌ను వీలైనంత మెల్లగా వదలండి. ఒక చోటికి వచ్చేసరికి ఇంజిన్ గొంతు మారుతుంది, కాస్త బరువెక్కినట్టు. స్టీరింగ్‌లో సన్నటి వణుకు తెలుస్తుంది. బానెట్ ముక్కు కొంచెం పైకి లేచినట్టు ఉంటుంది. అదే హాఫ్ క్లచ్. అక్కడ పాదం బిగబట్టండి. చదునులో కారు యాక్సిలరేటర్ అక్కర్లేకుండానే చీమలా కదులుతుంది. మళ్లీ క్లచ్ తొక్కి, బ్రేకు వేసి ఆపండి. మళ్లీ. ఆగిపోతే ఆగిపోనివ్వండి, ఇక్కడ వెనక హారన్ కొట్టేవాళ్లు లేరు. చెవితో, పాదంతో ఆ చోటు గుర్తుపట్టేదాకా వేరే ఏ పాఠమూ వద్దు. ఈ ఒక్క అభ్యాసంతో నేర్చుకునేవాళ్ల ముఖంలో టెన్షన్ తగ్గిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఆ తర్వాత చిన్న ఎత్తు. పెద్దది కాదు. కారు ఆపి హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి. ఇప్పుడు బ్రేకు మీద నుంచి కాలు తీసినా కారు జారదు. ఆ నమ్మకం మీ ఒంటికి రానివ్వండి. ఫస్ట్ గేర్, మెల్లగా క్లచ్ వదులుతూ హాఫ్ క్లచ్ దగ్గరికి రండి, యాక్సిలరేటర్ కొంచెం ఇవ్వండి. కారు ముందుకు లాగుతోంది, హ్యాండ్ బ్రేకు ఆపుతోంది అని తెలిసేటప్పుడు వెనక భాగం కాస్త కుంగినట్టు ఉంటుంది. అప్పుడు హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి దించండి. కారు వెనక్కి పోదు, ముందుకే వెళ్తుంది. సిగ్నల్ దగ్గర, ఫ్లైఓవర్ మీద, మీ కాలనీ ఎత్తులో ఇలాగే చేయండి. హ్యాండ్ బ్రేకు వాడితే సరిగా రానట్టే అనేవాళ్లు ఉంటారు. పట్టించుకోకండి.

ఎత్తులో ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలో కూడా అక్కడే, ఆ చిన్న ఎత్తులోనే, కావాలని ఇంజిన్ ఆపి నేర్చుకోండి. ముందు బ్రేకు గట్టిగా. వెంటనే హ్యాండ్ బ్రేకు. తర్వాత క్లచ్ తొక్కి న్యూట్రల్. ఆ తర్వాతే తాళం. ఆ రోజు మీరు తాళంతో మొదలుపెట్టారు, అదొక్కటే తేడా. ఇంజిన్ ఆగినా బ్రేకు పనిచేస్తుంది. కానీ ఒకటి రెండుసార్లు తొక్కి వదిలాక పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, ఎందుకంటే బ్రేకుకు సాయం చేసే శక్తి ఇంజిన్ నుంచే వస్తుంది. కాబట్టి తొక్కిన బ్రేకు వదలకండి. వెనకవాళ్లు హారన్ కొడతారు. కొట్టనివ్వండి, వాళ్లకు మహా అయితే అరనిమిషం ఆలస్యం అవుతుంది. ముందు బండికి కూడా దూరం ఉంచండి. దాని వెనక టైర్లు రోడ్డును తాకే చోటు మీ సీట్లోంచి కనపడాలి. అది వెనక్కి జారినా మీకు తప్పుకునే చోటు ఉంటుంది.

దిగుడులో ఇంకో మాట. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేయమని ఎవరైనా చెప్తే వినకండి. గేర్‌లో ఉంటే ఇంజినే కారును పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీదే పడుతుంది, సింహాచలం కొండ లాంటి చోట అవి వేడెక్కి పట్టు తగ్గుతాయి. ఎక్కేటప్పుడు ఏ గేర్ వాడతారో దిగేటప్పుడు కూడా దాదాపు అదే గేర్.

మీవారి అరుపుల గురించి కూడా చెప్పాలి. అది కోపం కన్నా భయమే అని నేననుకుంటున్నాను. తన కాళ్ల దగ్గర బ్రేకు లేదు కాబట్టి నోటితో బ్రేకు వేస్తున్నారు. కానీ భయం ఎవరిదైనా, ఆ అరుపు మీ చెవిలో పడ్డప్పుడు మీ చూపు రోడ్డు మీద నుంచి ఆయన మీదికి పోతుంది. అదే ప్రమాదం. ఆయన సెలవుకు వచ్చినప్పుడు కారు ఎక్కకముందే, ఇంట్లో కూర్చుని, మాట్లాడుకోండి. "ముందు స్కూటర్ వస్తోంది" అని చూసింది చెప్పొచ్చు, "నీకు రాదు" అని మనిషిని అనకూడదు. అది కుదరకపోతే ఆయన వెనక సీట్లో కూర్చోవాలి, లేదా మీరు ఆయన లేనప్పుడు నేర్చుకోవాలి. ఓడ మీద కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఆయన ఎలా పని నేర్పుతారో అడగండి. అక్కడ అరిస్తే పని జరగదని ఆయనకు తెలిసే ఉంటుంది. ఇది చెప్పినా మారకపోతే, ఆయనతో నేర్చుకోవడం అనే దారిని వదిలేయండి. దానివల్ల కాపురానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

ఇక రోడ్డు. కాలనీ నుంచి స్కూలుకు, స్కూలు నుంచి ఇంటికి, ఒకే దారిలో కొన్ని వారాలు నడపండి. కొత్త దారులు, రాత్రి, వాన, ఈ మూడూ తర్వాత. ఒకేసారి ఒక్క కొత్త కష్టం మాత్రమే చేర్చుకోండి. వానలో ముందు హెడ్‌లైట్, వెనక టెయిల్ లైట్ వెలగాలి, వేగం తగ్గాలి. నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటూ కదిలే బండి ఎటు తిరుగుతుందో వెనకవాళ్లకు తెలియదు, ఆ పని చేయకండి. ఫోన్ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టి వెనక సీట్లో పడేయండి, మీవారి వీడియో కాల్ అయినా సరే.

హైవే మీదికి వచ్చాక అసలు పాఠం దూరం. మీరు లెక్కల టీచరు, మీకు నేను చెప్పడం ఏమిటి? గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక పట్టే దూరం నాలుగింతలు. 80లో వెళ్తూ ముందు లారీని చూసి మెదడు కాలికి చెప్పేలోపే 20 మీటర్లకు పైగా దాటిపోతారు. అందుకే మీటర్లు కొలిచే బదులు సెకన్లు లెక్కపెట్టండి. ముందు బండి ఒక స్తంభం దాటగానే మనసులో నూటొక్కటి, నూటరెండు, నూటమూడు అనుకోండి. మూడు పూర్తికాకముందే మీరు ఆ స్తంభం దాటేస్తే దగ్గరగా ఉన్నట్టే. వానలో ఇంకా పెంచండి. ఆ ఖాళీలోకి ఎవరో దూరతారు. దూరనిచ్చి మళ్లీ దూరం తెచ్చుకోండి.

మన హైవే మీద కొన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. ఆనందపురం, తగరపువలస మీదుగా వెళ్లే మీ దారిలో కూడా ఊళ్ల దగ్గర డివైడర్ గ్యాపుల్లోంచి బైకులు అడ్డంగా వస్తాయి, యూ టర్న్ దూరమని రాంగ్ రూట్లో ఎదురొస్తాయి. గ్యాపు కనపడగానే యాక్సిలరేటర్ మీది కాలు తీసి బ్రేకు మీదికి తెచ్చుకోండి, తొక్కకపోయినా సరే. లారీ కుడి ఇండికేటర్ వేస్తే అది కుడికి తిరుగుతోందో, ఓవర్‌టేక్ చేయమని సైగ చేస్తోందో తెలియదు. మన దగ్గర రెండింటికీ వాడతారు. తెలియనప్పుడు వెనకే ఉండండి. కుడి లేన్‌లో లారీ మెల్లగా వెళ్తుంటే ఎడమ నుంచి దాటాలనిపిస్తుంది. ఆ లారీ డ్రైవరుకు ఎడమ పక్కన, కేబిన్ దగ్గర చాలా చోటు అద్దంలో కనపడదు. ఓపిక పట్టండి, హారన్ కొట్టండి, కుడి పక్క చోటిచ్చాకే దాటండి. లేన్ మారేముందు అద్దం చూసి ఊరుకోకుండా తల తిప్పి భుజం మీదుగా ఒక చూపు చూడండి. అద్దానికి చిక్కని బైకు సరిగ్గా అక్కడే ఉంటుంది. చీకటి పడ్డాక లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీలు ఉంటాయి కాబట్టి మొదటి సంవత్సరం హైవే మీద పగలే వెళ్లి పగలే రండి. డివైడర్ ఉన్న హైవే మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100, కానీ అక్కడక్కడా తక్కువ వేగం బోర్డులు ఉంటాయి, ఆ బోర్డుదే మాట. మీకు 60 చాలు, ఎడమ లేన్‌లో.

ఎప్పుడైనా మళ్లీ తగిలితే, ఆ రోజులా ఎవరికీ దెబ్బలు లేకపోతే ఇద్దరూ ఫొటోలు తీసుకుని మాట్లాడుకోవచ్చు. మనిషికి చిన్న గీత పడినా అక్కడ డబ్బులిచ్చి వెళ్లిపోకండి. కారు ఆపి, 108కి ఫోన్ చేసి, వాళ్లను ఆస్పత్రికి చేర్చడం, 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయడం చట్టప్రకారం నడిపినవాళ్ల బాధ్యత. బీమా కంపెనీకి కూడా చెప్పాలి. జనం మీద పడతారేమోనన్న భయం ఉంటే 112కి ఫోన్ చేయండి. హైవే మీద బండి చెడిపోతే 1033.

ఇప్పటికి సెల్లార్‌లో ఉన్న కారు గురించి. ఇన్నాళ్లు కదలకపోతే బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, టైర్లలో గాలి తగ్గి ఉంటుంది. మెకానిక్‌ని పిలిచి బ్యాటరీ, గాలి, బ్రేకులు చూపించుకోండి. మొదటిసారి కదిపినప్పుడు బ్రేకుల దగ్గర గరగర శబ్దం వస్తే హడలిపోకండి, తుప్పు పొర, రెండు మూడుసార్లు వేస్తే మామూలుగా పోతుంది. పోకపోతే మళ్లీ చూపించండి. బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులు చూసుకోండి. కాగితాలు డిజిలాకర్‌లో పెట్టుకుంటే చాలు.

క్లచ్ వచ్చి, స్కూలు దారి అలవాటై, హైవే మీద ఆనందపురం దాకా రెండు మూడుసార్లు వెళ్లొచ్చాక, మొదటిసారి విజయనగరం వెళ్లేటప్పుడు అమ్మగారి హాస్పిటల్ రోజు పెట్టుకోకండి. ఏదో ఒక ఆదివారం, పొద్దున ఆరింటికల్లా బయల్దేరి, వట్టినే అమ్మని చూసి రావడానికి వెళ్లండి. బాబుని పక్కన కూర్చోబెట్టుకోండి. తగరపువలసలో పావుగంట ఆగి టీ తాగండి. అలసటగా అనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి తిరిగి రండి, అమ్మగారికి ముందే "రావచ్చు, రాకపోవచ్చు" అని చెప్పి ఉంచితే ఆవిడ భోజనం వండుకుని ఎదురుచూడరు.